సాంచాల మాట

నల్లటి గుండ్రటి ముక్క ఒకటి కొడుకు నోటికి అడ్డం వచ్చింది. మైకు. బాలలక్ష్మి ఈ పది రోజులూ ఎన్ని ఆలోచించుకుందో. ఏ చీర కట్టుకోవాలి, సిరిసిల్లలో ఏ బస్సెక్కితే ఆరు గంటలకు ముందే కరీంనగర్‌లో దిగుతాం, అంతసేపు కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి కదా ఎట్లా, అన్నీ అనుకుంది. ఇది మాత్రం తట్టలేదు. ఫోనులో వాడు జోకులు చెప్పే వీడియోలు చూస్తున్నప్పుడు మైకు చొక్కా గల్లాకు గింజంత ఉంటుంది, నోరంతా కనిపిస్తుంది, ప్రతి మాటా పెదవుల మీద విడివిడిగా తెలుస్తుంది. ఇక్కడ వాడు స్టేజీ మీదికి వస్తూనే ఆ నల్లముక్కను ముద్దు పెట్టుకున్నట్టు నోటికి ఆనించాడు. ఆమెది రెండో వరుస, నడిమి కుర్చీ. ముందు ఎవరూ అడ్డం లేరు. దీపాలన్నీ వాడి మీదే ఉన్నాయి. కనుబొమలు కనిపిస్తున్నాయి, చెంపలు కనిపిస్తున్నాయి, నోరొక్కటే లేదు. ఎడమ పక్కన బిడ్డ వనజ భుజాలు కదిలాయి. కుడి పక్కన ఆడబిడ్డ సత్తవ్వ, చొప్పదండి నుంచి పట్టుచీర కట్టుకుని మరీ వచ్చిన మనిషి, నోరు తెరిచి నవ్వుతోంది. హాలంతా నవ్విందని బాలలక్ష్మికి తెలిసింది, ఎందుకంటే చెయ్యి కింద కుర్చీ సన్నగా అదిరింది. అప్పుడు ఆమె కూడా నవ్వింది.

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను తను ఎంతమంది మీద వాడిందో. ఇప్పుడు శంఖం ఊదుతున్నది కడుపున పుట్టినవాడు, చెవిటిది తను. ఊరికే చూసి పోవడానికి వచ్చి ఉంటే ఇంత బెంగ ఉండేది కాదు. అన్ని దీపాల కింద, అంతమంది ముందు కొడుకు నిలబడి ఉండటం చూస్తే చాలు, మాటలు ఇంటికి పోయాక వనజ నోటి నుంచి రాబట్టుకోవచ్చు. కానీ కొడుకు అంజి ఒక పని అప్పగించి మరీ పిలిచాడు. పది రోజుల కిందట ఇంటికి వచ్చి, ఎదురుగా నేల మీద మఠం వేసుకుని కూర్చుని, చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చినప్పటి ముఖం పెట్టాడు. ఇన్నేళ్ళూ బాపు బతికి ఉన్నప్పటి ముచ్చట్లే చెప్పానని, ఇప్పుడు బాపు పోయిన రోజు ముచ్చట రాశానని చెప్పాడు. కరీంనగర్ ఆట మర్నాడే హైదరాబాదులో కెమెరాలు పెట్టి తీస్తారని, ఒకసారి జనంలోకి పోయాక వెనక్కి తీసుకునేది ఉండదని అన్నాడు. ఆ ముచ్చటేదో ఇక్కడే చెప్పరాదా అంటే, ఇంట్లో చెబితే అది ఏడుపవుతుంది, హాలులో చెబితేనే జోకో కాదో తేలుతుంది అన్నాడు. చివర్లో అన్న మాటను ఆమె వాడి పెదవుల మీద నుంచి ఒక్క అక్షరం జారకుండా ఎత్తుకుంది.

“నువ్వు వద్దంటె తీసేస్త అవ్వా. ఆయన నాకంటె ముందుగాల నీ మనిషి. గని ఊకె తలూపకు. నువ్వు ఉత్తగ నవ్వితె నాకు ఎరుకైతది.”

అట్లాగే అంది. అనక ఏం చేస్తుంది. ఇప్పుడు ఆ ముచ్చట ఎప్పుడు వస్తుందో తెలియదు, వాడు చెబుతున్నది అదేనేమో, అయిపోయిందేమో కూడా తెలియదు. సత్తవ్వ వైపు చూసింది. సత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. సొంత తమ్ముడు పోయిన ముచ్చటకు సత్తవ్వ నవ్వదు, శోకం ఎత్తుకుంటుంది, అది మూడు ఊళ్ళకు తెలిసిన సంగతి. కాబట్టి ఇంకా రాలేదు. బాలలక్ష్మి కాస్త ఊపిరి పీల్చుకుంది. నలభై ఏళ్ళ చుట్టరికంలో ఆడబిడ్డ ఇట్లా పనికి రావడం ఇదే మొదటిసారి.

చెవులు పోయిన రోజు ఆమెకు బాగా గుర్తు, పోయాయని తెలియని రోజు కూడా అదే. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. వాడకట్టంతా నిశ్శబ్దం. కరెంటు మగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు, నేతవాళ్ళ వాడకట్టులో నిద్ర ఆ సాంచాల చప్పుడుతోనే వస్తుంది, చప్పుడు ఆగితే పోతుంది. బయటి ఊరి చుట్టాలు రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకుని, పొద్దున్నే మీకు ఇబ్బంది లేదా అని అడుగుతారు, ఏం ఇబ్బంది అని వీళ్ళు అడుగుతారు. తొట్టెలో పిల్లలు టకటకలు నడిచినంతసేపు నిద్రపోయి, కరెంటు పోగానే కెవ్వుమంటారు. ఆమె మొగుడు కైలాసమైతే ఎంత గాఢ నిద్రలో ఉన్నా చప్పుడు ఆగిన మరుక్షణం లేచి కూర్చుని, కళ్ళు మూసుకునే, ఎవడ్రా బంద్ పెట్టింది అని అడిగేవాడు. ఆ అలవాటు కొద్దీ ఆమె కూడా లేచి వాకిట్లోకి వచ్చి, ఎదురింటామెను కరెంటు ఎప్పుడు పోయిందని అడిగింది. ఎదురింటామె అదోలా చూసింది. తల మీద వీధి దీపం వెలుగుతోంది. బాలలక్ష్మి మెల్లగా ఇంటి వెనక్కి పోయి రేకుల షెడ్డు గోడ మీద అరచెయ్యి పెట్టింది. గోడ వణుకుతోంది. సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆమె ఒక్కదానికే ఆగిపోయాయి. కల వచ్చిందా అని ఎదురింటామె నవ్వితే ఆమె కూడా నవ్వింది, ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా నడిచిపోయింది, అదే విచిత్రం. సగం వాడకట్టుకు చెవులు సగమే ఉంటాయి. అందరూ ముఖాలు చూసి మాట్లాడుకునేవాళ్ళే. నాలుగు సాంచాలు నడిచే షెడ్డులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు, అందుకని అక్కడ మాట పెదవుల మీదే ఉంటుంది, కనుబొమలు తోడు వస్తాయి, చేతులు ఖాళీ ఉంటే చేతులూ వస్తాయి. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆమె ఒక మూల కండెలు చుడుతూ కూర్చుంటే, అవతలి కొస నుంచి కైలాసం తెగిన పోగు ముడేస్తూ పెదవులతో ఏదో అనేవాడు, ఆమెకు నవ్వాగేది కాదు. దారం ఇచ్చే సేటు వచ్చి ఇద్దరి నడుమ నిలబడి బట్ట మీద చెయ్యి వేసి చూస్తూ ఉంటే, ఆయన ముక్కు పైనుంచి ఆయన పొట్ట గురించి మాట్లాడుకునేవాళ్ళు. చప్పుడు లేని మాటకు భయం లేదు. కైలాసానికి అక్క అంటే ప్రాణమే, కానీ సత్తవ్వ గొంతు నూనె లేని చక్రం గొంతు. దసరాకు వచ్చిందంటే తన పెళ్ళిలో ఇస్తామని ఇవ్వని కంచు బిందె దగ్గర మొదలుపెట్టేది. ఆమె బిందె మాట ఎత్తగానే ఆయన పెదవులు కదిలేవి, లచ్చీ, సాంచ నడుపు. బాలలక్ష్మి లేచి పోయి ఖాళీగా ఉన్న సాంచాకు కరెంటు ఇచ్చి వచ్చేది. పాపం సత్తవ్వ, ఆ టకటకల నడుమ నోరు కదుపుతూనే ఉండేది, అక్క బాధ అంతా విన్నట్టు కైలాసం తలూపుతూనే ఉండేవాడు.

ఆ షెడ్డులోనే దారం మూటల మీద కూర్చుని అంజి మొదటి జోకు వేశాడు, ఏడేళ్ళు ఉంటాయేమో. సేటు వెనకే నడుచుకుంటూ ఆయన నడకను, పంచె ఎగ్గట్టుకోవడాన్ని, దగ్గబోయి ఆపుకోవడాన్ని అచ్చంగా దించాడు. కైలాసం ముఖం గట్టిగా పెట్టుకుని సేటుకు సమాధానాలు చెప్పాడు, ఆయన అటు పోయాక నేల మీద కూలబడి నవ్వాడు. అప్పటి నుంచి బడి నుంచి వస్తూనే వాడు ఆమె ఎదుట నిలబడేవాడు. ఆమె కండెలు చుట్టేది, వాడు ముఖంతో చెప్పేవాడు. ఆమె చెయ్యి ఆగితే జోకు పాసైనట్టు, ఆగకపోతే వాడే తలగోక్కుంటూ పోయి మార్చుకుని వచ్చేవాడు. ఇప్పుడు అందరూ వాడి కనుబొమలను మెచ్చుకుంటారు, మాట కంటే ముందు ముఖమే చెప్పేస్తుందని పేపర్లో రాశారు, ఆ విద్య ఎక్కడిదని అడిగితే మా బాపు దగ్గర నేర్చుకున్నానంటాడు. అననీ. ప్రతి ఊళ్ళోనూ ఇంకొక మాట కూడా అంటాడు, మా అవ్వ విని నవ్వితేనే ఆ జోకు బస్సెక్కుతుంది అని. అసలు భయం అక్కడే ఉంది. చెవులు పోయాయంటే డాక్టర్ల చుట్టూ తిప్పుతాడు, మిషన్ పెట్టిస్తాడు, అదంతా సరే. కానీ ఎవరికి చెప్పి చూసుకుంటాడు? బాపు ఎట్లాగూ లేడు. అందుకని ఫోను అదిరితే చాలు, నీ ముఖం చూడక ఎన్నాళ్ళైంది, వీడియో బొమ్మ పెట్టు బిడ్డా, అనేది. అవ్వకు తనంటే ఎంత ప్రేమో అని వాడు పొంగిపోయేవాడు. ప్రేమ కూడా ఉంది, లేదని ఎవరన్నారు.

కుర్చీ మళ్ళీ అదిరింది. ఈసారి ఆడవాళ్ళంతా ముఖాలు కప్పుకుంటున్నారు, ముందు వరుసలో ఒకామె పక్కనామెను గిల్లింది. ఇది ఏ జోకో చెవులు లేకపోయినా చెప్పగలదు, లంగాబట్ట జోకు. సిరిసిల్ల సాంచాల మీద ఎక్కువగా నేసింది లంగాబట్టే, దాన్నే పట్టుకుని వాడు ప్రతి ఊళ్ళో జనం వైపు చెయ్యి చూపి, మీలో సగం మంది మా బాపు నేసిందే కట్టుకుని వచ్చారు, కానీ ఒక్కరూ చూపించరు, అంటాడు. బాలలక్ష్మి అందరితో పాటు, సరిగ్గా సమయానికి నవ్వింది. ఈ ఒక్క నవ్వైనా నిజం నవ్వు. హైదరాబాదులో మొదటిసారి చెప్పినప్పుడు ఈ జోకుకే ఒక్కరూ నవ్వలేదట. ఏదో హోటల్ మేడ మీద పదకొండు మంది కాఫీ తాగుతూ కూర్చున్నారు, అంతకు ముందు చెప్పినవాళ్ళంతా ఇంగ్లీషులో చెప్పారు, వీడు పోయి వాడకట్టు మాటే మాట్లాడాడు. ఆ రోజు ఫోను చేసి, అవ్వా, కరెంటు పోయినట్టుండె, అన్నాడు. ఇంటికి వచ్చెయ్యి అనబోయింది. వాడే, మళ్ళీ బుధవారం పోతానన్నాడు. పద్నాలుగు బుధవారాలు పోయాడు. గ్రానైట్ ఆఫీసులో పని చేసుకుంటూ, కరీంనగర్ నుంచి బస్సులో పోయి, ఐదు నిమిషాలు చెప్పి, తిరిగి బస్సులో వచ్చేవాడు. పదిహేనో బుధవారం ఎవరో ఒకాయన కాఫీ కక్కుకునేంతగా నవ్వాడట. ఎవరో ఏమో, ఆయన పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

తర్వాత వాడు తిరగని ఊరు లేదు. ఆదిలాబాద్‌లో ఆటకు రెండు రోజుల ముందే పోయి చాయ్ హోటల్లో కూర్చున్నాడట, అక్కడి తెలుగులో మరాఠీ ఎక్కడెక్కడ కలుస్తుందో చెవిన వేసుకోవడానికి. వాళ్ళ మాటలు నా నోట్లో కూర్చుంటేనే నేను వాళ్ళ ముందు నిలబడాలి కదా అన్నాడు. చెన్నూరులో వాన వచ్చి పందిరి కూలింది, మైకు తడిసింది. ఆట పెట్టించినవాళ్ళు పొమ్మన్నా పోకుండా ట్రాక్టర్ ట్రాలీ ఎక్కి, టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ నలభై మందికి గంటసేపు చెప్పాడు. వాళ్ళు వానలో తడుస్తూ వచ్చారవ్వా, ఊరికే ఎట్లా పంపుతాను అన్నాడు. ఇంత ఒళ్ళు వంచే మనిషిని పట్టుకుని కొందరు నోటి మాటలతో బతికేస్తున్నాడు అంటారు. బొగ్గుబాయి ఊళ్ళంటే వాడికి మరీ ఇష్టం. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్ల మధ్య ఆట పెడితే పొద్దున షిఫ్టు దిగి వచ్చిన ఒక పెద్దాయన ముందు వరుసలోనే నిద్రపోయాడట, పక్కవాళ్ళు లేపబోతే, లేపకండి, ఆయన నా కంటే లోతు నుంచి వచ్చాడు అని వీడే ఆపాడట. ఆ మాటకు హాలంతా లేచి చప్పట్లు కొడితే పాపం పెద్దాయన లేచాడు. అక్కడ అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉంటారు, నవ్వు కూడా విడతలుగా వస్తుంది, మొగుడు ముందు నవ్వి, పెళ్ళానికి హిందీలో చెబితే ఆమె తర్వాత నవ్వుతుంది. అది చెబుతూ ఫోనులో వాడు అన్న మాట ఇప్పుడు ఈ హాలులో, ఈ కుర్చీలో ఆమెకు ఠక్కున గుర్తొచ్చింది.

“ఆలస్యంగ నవ్వేటోళ్ళను నేను ఎక్కడున్నా పట్టుకుంట అవ్వా. వాళ్ళకు జోకు అందలే, పక్కోళ్ళ నవ్వు అందింది.”

ఇందాకటి నుంచి ఆమె చేస్తున్నది అదే కదా. వనజ భుజాలు చూసి, కుర్చీ అదురు చూసి నవ్వుతోంది. రెండో వరుసలో, దీపాల వెలుగు పడే చోట, లంగాబట్ట జోకు తప్ప ప్రతి నవ్వూ ఒక రెప్పపాటు వెనక. వాడు ఇటు ఎన్నిసార్లు చూశాడు? మూడుసార్లు చూశాడు. అవ్వ వచ్చిందని ముచ్చటపడి చూశాడేమో. కాదేమో. ఇక వనజ వైపు చూడకూడదు, కొడుకు ముఖమే చదవాలి అనుకుంది. నోరు లేకపోయినా కనుబొమలు ఉన్నాయి కదా. సినిమాలో వాడు వేసిన మొదటి వేషానికి మాటే లేదు, స్టేషన్లో నిలబడే నిద్రపోయే కానిస్టేబులు, రెండే రెండు సీన్లు. అయినా అందరూ వాడినే గుర్తు పెట్టుకున్నారు. ఆ సినిమా సిరిసిల్లకు వచ్చిన రోజు వాడకట్టు కుర్రాళ్ళు సాంచాలు బంద్ పెట్టి పోదామన్నారు. ముసలివాళ్ళు తిట్టిపోశారు, వాడకట్టులో సాంచాలన్నీ ఒక్కసారి ఆగేది ఎవరైనా పోయినప్పుడే, శవం లేచేదాకా ఆపుతారు, శుభమా అని పిల్లవాడు తెర మీదికి వస్తుంటే ఆ పని చేస్తారా అని. చివరికి ఇంటికొకరిని కాపలా పెట్టి, సాంచాలను నడవనిచ్చి పోయారు. తెర మీద వాడి రెప్పలు బరువుగా వాలుతూ ఉంటే బాలలక్ష్మికి షెడ్డులో పోగు పట్టుకుని తూగే కైలాసం కనిపించాడు. మొగుడు పోయి పదేళ్ళయ్యాక మళ్ళీ అంత పెద్దగా కనిపించాడు. ఆమె చీకట్లో కళ్ళనిండా చూసుకుంది.

స్టేజీ మీద వాడు ఇప్పుడు నడుము మీద చెయ్యి పెట్టి, మెడ ముందుకు సాచి, అచ్చం కైలాసంలా నడుస్తున్నాడు. అదే నడక, ఎడమ కాలు కాస్త ఈడ్చే నడక. బాలలక్ష్మికి నవ్వు వచ్చింది, ఎవరినీ చూడకుండా, ఎవరి కోసమూ ఆగకుండా గట్టిగా నవ్వేసింది. కుర్చీ అదరలేదు. ముందు వరుసలో తలలు వెనక్కి తిరిగాయి. వనజ చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద పడింది, వనజ ముఖం దగ్గరికి వచ్చింది, పెదవులు మెల్లగా కదిలాయి. అవ్వా, ఇది బాపును దవాఖానకు తీస్కపోయిన ముచ్చట. కుడి పక్కన సత్తవ్వ కొంగు కళ్ళ దగ్గర ఉంది.

వాడు ఆగిపోయాడు. మైకు నోటి దగ్గరే ఉంది కానీ చెంపలు కదలడం లేదు. రెండో వరుసలోకి చూస్తున్నాడు, సూటిగా, ఆమె కళ్ళలోకి. పోగు ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు కైలాసం చూసే చూపు అది. దొరికేదాకా కన్ను తీయడు. బాలలక్ష్మి తల దించుకుందామనుకుంది, కుదరలేదు. అంతమంది జనంలో ఇన్నేళ్ళుగా ఎవరి నవ్వు ఎక్కడ పుట్టిందో పట్టుకుంటున్నవాడు, కన్నతల్లి నవ్వు పట్టుకోలేడా. దొరికిపోయింది. కొడుకు ఆట మధ్యలో ఆగింది, తన వల్లే ఆగింది, సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఆ పనికైతే అవి ఇంకా పనికొస్తున్నాయి.

వాడు మైకులో జనానికి ఏదో చెప్పాడు. వనజ మళ్ళీ ఇటు తిరిగి, కార్ఖానల మాట్లాడుకునే మాట చూపెడ్తడట అంది. వాడు మైకును స్టాండుకు తగిలించి, దాన్ని వదిలి రెండు అడుగులు పక్కకు జరిగి, దీపం కిందికి వచ్చి నిలబడ్డాడు. నోరు కనిపించింది. కింది పెదవి మీద చిన్నప్పటి గాటు కూడా కనిపించింది. మైకు ఖరాబైందా అని సత్తవ్వ ఎవరినో అడుగుతోంది. పెదవులు కదిలాయి. వాడు గొంతు ఎత్తలేదు, ఆ సంగతి హాలులో అందరికీ తెలుసు, తేడా తెలియనిది ఆమెకొక్కదానికే.

“అవ్వా. వినవడ్తలేదా?”

సాంచాల మాటలో అబద్ధం కుదరదు. నోరొక్కటే ఆడితే సరిపోదు, ముఖమంతా ఆడాలి, ముఖం దగ్గర ఆమె ఎప్పుడూ ఓడిపోతుంది. ఆమె పెదవులు కూడా కదిలాయి.

“లేదు బిడ్డా.”

“ఎప్పటిసంది?”

“రెండేండ్లాయె.”

వాడు తన పాదాల వైపు చూసుకున్నాడు. చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకున్నాడు. ఇక దిగి వచ్చేస్తాడు, ఆట ఆపేస్తాడు అనుకుంది, అట్లా చేస్తే జన్మలో తనను తాను క్షమించుకోదు. వాడు దిగలేదు. తల ఎత్తేసరికి ఆ ముఖం మారిపోయి ఉంది, దారం మూటల మీద కూర్చున్న ఏడేళ్ళవాడి ముఖం. అయితే ఇది నీకే చెప్త, సూడు, అన్నాడు. హాలంతా ఏదో గొప్ప మూగ నాటకమని ఊపిరి బిగబట్టి చూస్తోంది.

“బాపును తీస్కొని బండి వాడకట్టులకు రాంగనే సాంచాలన్ని బంద్ పెట్టిండ్రు. ఇంక తెల్లారలే. సప్పుడు ఆగంగనే అందరు లేసిండ్రు. ఎదురింట్ల తొట్టెల పోరడు లేసిండు. కుక్కలు లేసినయ్. మూడొద్దులసంది జరమొచ్చి పండుకున్న ముసలాయన గుడ లేసి కూసున్నడు. నేను బాపు దిక్కే సూస్తున్న. ఇగ లేస్తడు, ఎవడ్రా బంద్ పెట్టింది అంటడు. వాడకట్టంత లేసింది అవ్వా, ఒక్క బాపే లేవలే. గప్పుడు నమ్మిన.”

తొట్టెలో పిల్లవాడు లేచినప్పుడు కళ్ళు నలుపుకున్నాడు, ముసలాయన లేచినప్పుడు దుప్పటి తీశాడు, బాపు దగ్గరికి వచ్చేసరికి ఊరికే నిలబడి చూశాడు. ఆమెకు నవ్వు వచ్చింది, అదే నవ్వుతో పాటు కన్నీళ్ళు కూడా వచ్చాయి, రెండింటిలో ఏది ముందో తెలియలేదు. వాడు అక్కడితో ఆపలేదు.

“గప్పుడు నువ్వు లేసి పోయి ఒక సాంచ నడిపిచ్చినవ్. అందరు నీకు పిచ్చి లేసిందన్నరు. సప్పుడు లేకుంటె ఆయనకు నిద్ర వట్టదని నడిపిచ్చినవ్. నాకు ఎరుకే. చెప్పు అవ్వా, ఇది ఉంచాల్నా, తీసెయ్యాల్నా?”

ఆ తర్వాత పన్నెండేళ్ళుగా అందరూ ఆ నిద్ర మాటే అన్నారు. అంత దుఃఖంలో కూడా మొగుడి నిద్ర చూసుకుంది మహాతల్లి అని పొగిడారు, ఆమె కాదనలేదు. జరిగింది వేరు. వాడకట్టంతా నిశ్శబ్దమైపోయాక ఆ నిశ్శబ్దంలో సత్తవ్వ శోకం ఎత్తుకుంది. అయ్యో తమ్ముడా అని మొదలుపెట్టి, నాలుగో మాటకల్లా కంచు బిందె దగ్గరికి వచ్చింది. కొస ఇంటిదాకా వినపడింది. బాలలక్ష్మి మొగుడి ముఖం వైపు చూసింది. ఆ పెదవులు కదలలేదు, అయినా ఆమెకు తెలిసింది, ఇరవై ఐదేళ్ళు చదివిన పెదవులు అవి. లచ్చీ, సాంచ నడుపు. లేచి పోయి నడిపింది. నడిపి పరుగున వచ్చి ఆయన ముఖంలోకి వంగి చూసింది, ఇప్పుడన్నా నవ్వుతాడని. ప్రతిసారీ నవ్వేవాడు నవ్వలేదు. కొడుకు అప్పటికే నమ్మాడట. ఆమె అప్పుడు నమ్మింది.

అంజి ఇంకా చూస్తున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. పక్కన సత్తవ్వ ఉంది, చుట్టూ ఇంతమంది ఉన్నారు, అయినా చప్పుడు లేని మాటకు భయం లేదు.

“ఉంచు బిడ్డా. మంచిగుంది. గని ఒక్కటి తప్పు చెప్పినవ్. నేను సాంచ నడిపిచ్చింది ఆయన నిద్ర కోసం గాదు. మీ అత్తమ్మ శోకం ఆయనకు వినవడకుంట.”

ఒక్క రెప్పపాటు వాడి ముఖంలో ఏమీ కదలలేదు. తర్వాత నవ్వాడు. స్టాండు పట్టుకుని వంగిపోయాడు, ఆగలేక అక్కడే స్టేజీ మీద కూలబడి, నేల మీద అరచేత్తో కొడుతూ నవ్వాడు. షెడ్డులో సేటు వెళ్ళిపోయాక కైలాసం నవ్విన నవ్వు. వనజ కూడా ఆ షెడ్డులో పెరిగిన పిల్లే, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. జనానికి ఏమీ అందలేదు. అయినా వాడిని చూసి ముందు వరుస నవ్వింది, ముందు వరుసను చూసి వెనకవాళ్ళు నవ్వారు, చెయ్యి కింద కుర్చీ అదరడం మొదలుపెట్టింది. హాలు హాలంతా ఆలస్యంగా నవ్వింది. సత్తవ్వ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ మరదలి మీదికి వంగింది.

“ఏమన్నవే లచ్చీ, వాడు గట్ల నవ్వుతుండు?”

“ఏం లేదు వదినె,” అంది బాలలక్ష్మి పైకే. “ఉంచుమన్న.”